గులాబిగీత తర్వాత

టిక్కెట్ల రోలు అయిపోవచ్చే కాడ
అంచుకు గులాబిగీత వస్తది.
ఇంక మూరెడు కాయితమే ఉందని
మిషను మర్యాదగ చెప్పుడన్నట్టు.
ఆ మూరెడు చింపి అంగీ జేబుల పెట్టుకుంట.
రోజుకొక చెయ్యి గీస్త దాని మీద.
దేవరకొండ డిపోల ఎవరికీ తెల్వది,
డ్రైవర్ సైదులుకు తప్ప.

మొకాలు ఎందుకు గియ్యవని అడిగిండొకసారి.
మొకం చూసే టైమేది?
బస్సు నిండ మనుషులు నిలవడ్డంక
నా దాకా వచ్చేది చేతులే.

మొదటి నెల అన్నీ ఒక్కతీరుగనే వచ్చినయ్.
ఐదు గీతలు, ఐదు గోర్లు,
బడిల పలక మీద గీసిన చెయ్యి.
కొండమల్లేపల్లిల ఎక్కిన జంగమ్మవ్వ చెయ్యి
పొద్దుగాల గీసిన పోలీసాయన చెయ్యి లెక్కనే ఉండె.
అప్పుడు సమజైంది,
నేను చూస్తలేను,
యాదికున్నదాన్నే అచ్చుగుద్దుతున్న.
ఎన్ని లక్షల చేతులల్లకెల్లి పైసలు తీసుకున్ననో,
పైసలే చూసిన.

ఇప్పుడు ఆడోళ్లకు జీరో టిక్కెట్టు.
పైసలు బోయి ఆధార్ కార్డులొచ్చినయ్.
చందంపేట రూట్ల ఒకామె
కార్డు మీది తన ఫోటోను బొటనేలుతోని మూసే చూపెడ్తది.
"వేలు తియ్యమ్మా" అని నెల రోజులు కసిరిన.
గియ్య కూసుంటే
ఆ వేలు ఎటు తిప్పినా కాయితం మీద కుదర్లే.
మర్నాడు మళ్ల చూసిన.
అది వంగదు.
మర్రిగూడ దిక్కు పుట్టిందట,
చిన్ననాటి బోరునీళ్లు కీళ్లల్ల గడ్డకట్టినయ్.
ఏమనలే. టిక్కెట్టు కొట్టిచ్చిన.
ఆమెకు తేడా తెలిసిందో లేదో.

రోజూ ఇట్ల తెలివొస్తదనుకోకుండ్రి.
మాల్ కాడ టైరు పంచరైననాడు
స్పానరు పట్టిన సైదులు చెయ్యి వంకాయ లెక్క వచ్చింది.
కలెక్షన్ల రెండొందలు తక్కువ పడ్డనాడు
పెన్ను ఒత్తితే కాయితమే చినిగింది.
జెరమొచ్చిననాడు ఒట్టి మణికట్టు.
అవి గూడ బిస్కెట్ల డబ్బల దాచిన.
పారేస్తే ఆ తారీఖే లేకుండ పోతదని.

చిల్లర లేకుంటే టిక్కెట్టెనక రాసిస్తం గదా.
దిగేటప్పుడు కొందరడుగుతరు, కొందరడగరు.
అడగనోళ్లకు నేను గూడ ఇయ్యకపోతుంటి.
అబద్ధమెందుకు,
ఇరవై ఏండ్లు అట్లనే నడిచింది.
ఇప్పుడైతే చేతులు యాదుంటయ్.
సగం గోరు లేని వేలు, ఏడు రూపాయలు.
సిమెంటుకు పగిలిన అరచెయ్యి, మూడు.
దిగిపోతుంటే కేకేసి పిలిచిస్త.
"రైట్ అనరాదు బై" అని సైదులు ఇసుక్కుంటడు.

మొన్న నైటౌటు.
చందంపేటల బస్సు ఆపినంక, లోపటి లైటు కింద
మా అనసూయ చెయ్యి గియ్యాలని కూసున్న.
పద్దెనిమిదేండ్ల సంసారం.
పెనం అంటుకున్న మచ్చ ఒకటుండాలె,
ఏ వేలికో యాదికొస్తలేదు.
ఎడమదా, కుడిదా.
బ్యాటరీ దిగుతది, లైటు బంద్ జెయ్యమన్నడు సైదులు.
ఖాళీ కాయితం మడిచి జేబుల పెట్టుకున్న.
చీకట్ల శానసేపు
నా చెయ్యి నేనే తడుముకుంటున్న.

తెల్లారి ఇంటికి పోయి
"ఏదీ, చెయ్యి చూపెట్టు" అన్న.
జొన్నపిండి చెయ్యి చాపింది,
"జీతం పడ్డదా?"
"ఊకె. కదలకు."
"రొట్టె మాడుతది."
చిటికెనవేలు మొదట్ల ఉంది మచ్చ,
చింతగింజంత, అంచులు నున్నగ.
ఎప్పుడు కాలిందని అడిగిన.
చెప్పింది.
ఆనాడు నేను ఇంట్లనే ఉన్ననట.

మాడిన రొట్టె నేనే తిన్న.
బొటనేలు మాత్రం ఇంకా కుదర్లే.